మోచేతి మడతలో ఒక చుక్క

హసాయన్‌లో చైత్రమంటే
తెల్లారకముందే లేచే గోనెసంచులు.
ఎండ పొడ తగిలితే పువ్వులో సగం వాసన ఎగిరిపోతుందని
చీకట్లో తడుముకుంటూ తెంపుతారు.
ముళ్ళు వేళ్ళను లెక్కపెడతాయి.

ఛిద్దన్ తోటకు పోడు.
వాడిది పొయ్యి పని.
రాగి డేగ్‌లో పూలూ నీళ్ళూ పోసి
మూతి చుట్టూ దూది కలిపిన మట్టి మెత్తి
తాడు చుట్టిన వెదురు గొట్టంలోంచి
ఆవిరికి దారి చూపించి
కూర్చుంటాడు.
మంట ఎక్కువైతే పూలు మాడతాయి,
తక్కువైతే అలుగుతాయి.
గడియారం లేదు, ముల్లు తిరిగే మీటరూ లేదు.
డేగ్ పొట్ట మీద చెయ్యేసి చెబుతాడు
బిడ్డకు జ్వరం చూసినట్టు.

ఆ చెయ్యి పట్టుకునే
నా వైద్యశాలకు వచ్చింది రుఖ్సార్.
పదకొండేళ్ళది.
పేరుకు అర్థం చెంప.
చెంపలే దాని బాధ.

ఎండకు కందుతుంది. సబ్బుకు కందుతుంది.
బళ్ళో ఎవరైనా తేరిపార చూసినా కందుతుంది.
అత్తిపత్తి ముట్టుకుంటేనే ముడుచుకుంటుంది,
ఈ పిల్ల చర్మానికి మాట చాలు.

"గులాబీ నీళ్ళే రాశాం వైద్‌జీ" అంది వాళ్ళమ్మ,
"ఊరంతా పూసే పువ్వు, మా పిల్లకే పడదా?"
సంతలో కొన్న సీసా చూపింది.
లోపల లేత గులాబీ రంగు.
మూత తీశాను.
పువ్వు వాసన కాదు, పువ్వు ఫొటో వాసన.
వెనకే స్పిరిట్టు వచ్చి ముక్కును గిల్లింది.
అసలు పన్నీటికి రంగుండదమ్మా,
ఉందంటే ఎవరో వేసిందే.

ఛిద్దన్ తల వంచుకున్నాడు.
ఇరవై ఏళ్ళుగా ఆ ఆవిరి పక్కనే బతికి
ఇంటికి ఒక్క సీసా తేలేదు.
ప్రతి చుక్కకీ సేఠ్ దగ్గర లెక్కుంది.

మా గురువు చెప్పేవాడు:
చర్మంలో ఒక పిత్తం కాపురముంటుంది, భ్రాజకమని పేరు.
మెరుపూ దాని పనే, మంటా దాని పనే.
దీపంలాంటిది, ఒత్తి మరీ ఎగదోస్తే మసి.
శతపత్రి చల్లనిది, కాస్త చేదు, కాస్త వగరు.
ఎగసిన ఒత్తిని దించుతుంది,
ఊది ఆర్పదు.
ఇంకో మాట కూడా అనేవాడు, అది ఏ శ్లోకంలోనూ లేదు:
ఎంత మంచి మందైనా
లోపలికొచ్చే ముందు తలుపు తట్టాలి.

అందుకని మొదటి వారం ఏమీ ఇవ్వలేదు.
సబ్బు మానమన్నాను, ఊరగాయా ఎండుమిరపా మానమన్నాను.
బావినీళ్ళు, పాత నూలుగుడ్డ.
తుడవొద్దు, అద్దండి.
"ఇదేం వైద్యం" అని వాళ్ళమ్మ గుమ్మం దాటుతూ గొణిగింది.
వినపడింది.
నిజానికి నాకూ అలాగే అనిపించింది.

ఎనిమిదో నాడు ఛిద్దన్ ఒక్కడే వచ్చాడు.
దగ్గుమందు సీసా, కడిగి ఆరబెట్టింది.
అందులో నీళ్ళలాంటి నీళ్ళు.
"సేఠ్‌ని అడిగాను" అన్నాడు,
"ఇరవై ఏళ్ళలో మొదటిసారి."
ఆయన ఏమన్నాడో చెప్పలేదు.
జేబులోంచి కూలిచీటీ తొంగిచూస్తోంది,
ఒక అంకె కొట్టేసి, కింద ఇంకో చిన్న అంకె.
నేను చూడనట్టే ఉన్నాను.

సాయంత్రం పిల్లని పిలిచి
మోచేతి మడతలో ఒక చుక్క వేసి
పొద్దున రమ్మన్నాను.
ముప్ఫై ఆరేళ్ళ వైద్యం
ఆ రాత్రి ఒక చుక్క మీద ఒంటికాలితో నిలబడింది.

పొద్దున్నే చెయ్యి చాచింది.
మడతలో దద్దురు లేదు, ఎరుపు లేదు,
చిన్న పుట్టుమచ్చ తప్ప ఏమీ లేదు.

తడిగుడ్డ మీద రెండు చుక్కలు వేసి చెంపకు ఆనించాను.
కళ్ళు గట్టిగా మూసుకుంది,
మంటకు అలవాటుపడిన పిల్ల కదా,
రావాల్సింది వస్తుందని ఎదురు చూసింది.
రాలేదు.
ఒక కన్ను తెరిచి,
"అబ్బూ చెయ్యి వాసన" అంది.

పూర్తిగా నయమైందని నేననను.
వైశాఖం ఎండకు మళ్ళీ కందింది,
మళ్ళీ బావినీళ్ళ దగ్గర మొదలుపెట్టాం.

కానీ ఆ పొద్దున
మసిబారి, కాలిన మచ్చలతో గరుకెక్కిన ఆ చెయ్యి
భయపడుతూ భయపడుతూ
కూతురి చెంప మీద ఆగింది.
డేగ్ దగ్గర చూసినట్టే
కాసేపు ఊపిరి బిగబట్టి చూశాడు.

"దిగింది" అన్నాడు.